మేకమాంసం పక్కన క్రాడక్ వారి కాగితాలు

మా చర్చిలో ఒకమ్మాయి కాలేజీ అయ్యాక ఆర్కైవ్స్ చదువుతానని ప్రకటించింది. వాళ్ళ నాన్న ఆదివారం ఆరాధన అయ్యీ అవగానే నన్ను పార్కింగ్ లాట్‌లో పట్టుకున్నాడు.

"సుగుణక్కా, నువ్వే చెప్పి మాన్పించాలి. పాత కాగితాలు సర్దుకోడానికి మాస్టర్స్ ఏంటక్కా? డేటా సైన్స్ తీసుకుంటే హ్యాపీగా సెటిలైపోతది కదా!"

నేను మాన్పించలేదు. అలాగని ప్రోత్సహించనూ లేదు. ఆ పని ఎలా ఉంటుందో రాసిస్తాను, చదివి తనే తేల్చుకుంటుందని చెప్పాను. ఇదే అది. ఆ పిల్లకి తెలుగు చదవడం అంతగా రాదు కాబట్టి వాళ్ళ నాన్నే చదివి వినిపించాలి. ఆయనకి ఆ మాత్రం శిక్ష ఉండాల్సిందే.

పని ఏమిటంటే

రెండు వేల ఒకటిలో న్యూజెర్సీ కొండల వైపు ఉన్న ఒక చిన్న ఊరి చరిత్ర గ్రంథాలయంలో చేరి, రెండు వేల పదిహేనులో దిగిపోయాను. తెలుగువాళ్ళ పార్టీల్లో ఎవరైనా "ఏ టెక్నాలజీలో ఉన్నారండీ?" అని అడిగితే "కాగితం" అనేదాన్ని. అదేదో కొత్త సాఫ్ట్‌వేర్ అనుకుని పాపం గంభీరంగా తల ఊపేవారు.

తెల్ల గ్లవ్స్ వేసుకుని, దీపం వెలుగులో మహనీయుల లేఖలు తిరగేస్తూ కూర్చుంటామని మీరు అనుకుంటూ ఉంటే ఇక్కడే ఆగిపోండి. గ్లవ్స్ వేసుకుంటే వేళ్ళకి స్పర్శ తెలియక కాగితం చిరుగుతుంది. సబ్బుతో చేతులు కడుక్కుని ఆరబెట్టుకుంటే చాలు. పత్రికల వాళ్ళు ఫొటో తియ్యడానికి వచ్చినప్పుడు మాత్రం నాకు గ్లవ్స్ తొడిగేవారు, పెళ్ళికూతురికి గాజులు తొడిగినట్టు.

మిగతా రోజుల్లో పని ఏమిటంటే, ఎలుక పెంటికలు దులపడం, తుప్పుపట్టిన గుండుసూదులు పీకడం, ఈ ముక్క ఆ ముక్కకి అతుకుతుందా అని చూడడం. మనుషులు పోయేముందు ప్రేమలేఖలు తగలబెట్టి, గుర్రానికి లాడాలు కొట్టించిన రసీదులు భద్రంగా దాచిపెట్టి పోతారు. ఎందుకలా చేస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు పని నేర్పిన మార్గరెట్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కసురుకుంటూ ఉండే ముసలావిడ. ఇంగ్లీషులో నాకు తెలిసిన బూతులన్నీ ఆవిడ పెట్టిన భిక్షే. నేను చేరిన రోజునే ఒక మాట చెప్పింది: "కాగితాన్ని గౌరవించు. రాసినవాణ్ణి గౌరవించాల్సిన పని లేదు." నేను బాపట్ల నుంచి వచ్చిన బుద్ధిగల చర్చి మనిషిని, పెద్దల మీద అలాంటి మాట విని కాస్త ఉలిక్కిపడ్డాను. క్రాడక్ కుటుంబం కాగితాలు చేతికొచ్చాక ఆ ఉలికిపాటు తగ్గింది.

ముగ్గురు గొప్పవాళ్ళు

క్రాడక్ అన్నది నేను పెట్టిన పేరు. అసలు పేరు చెబితే వాళ్ళ వంశంవాళ్ళు లాయరు నోటీసు పంపుతారు. ఆ అలవాటు వాళ్ళకి మూడు వందల ఏళ్ళుగా ఉంది.

అమెరికా ఇంకా ఇంగ్లాండు రాజు కింద ఉన్న కాలం నాటి కుటుంబం అది. తాత జడ్జి, కొడుకు వర్తకుడు, మనవడు సైన్యంలో కెప్టెన్. అందుకని మేం ఆ కాగితాలని న్యాయం, వ్యాపారం, సైన్యం అని మూడు భాగాలు చేశాం. వినడానికి స్కూలు గోడ మీద నినాదంలా ఉంటుంది.

న్యాయం అంటే ఏమిటో చూద్దామని మొదటి పెట్టె తెరిచాను. జడ్జిగారు తీర్పులిచ్చిన కాగితాల కన్నా, ఆయన పక్కింటివాళ్ళ మీద వేసిన దావాల కాగితాలే ఎక్కువ. వాళ్ళ పంది ఈయన మొక్కజొన్న చేలో పడింది. ఈయన కంచె వాళ్ళ గట్టు మీదికి జరిగింది. ఈ తగువు కొడుకు తరం దాకా సాగింది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ కట్టలు సర్దుతుంటే నాకు అచ్చం గుంటూరు కోర్టు వరండాలో కూర్చున్నట్టే ఉండేది.

సైన్యం ఇంకా బాగుంటుంది. కెప్టెన్ గారి నిలువెత్తు చిత్రం మా హాల్లో ఉంది, చేయి కత్తి మీద, చూపు ఆకాశం మీద. ఆయన యుద్ధభూమి నుంచి ఇంటికి రాసిన ఉత్తరాల్లో మాత్రం అడిగినవి మూడే: బూట్లు, జున్ను, సెలవు. బూట్లు కరుస్తున్నాయి. జున్ను ఎలకలు తిన్నాయి. సెలవు పైఅధికారి ఇవ్వడం లేదు, వాడి వంశం మట్టిగొట్టుకుపోను. స్వాతంత్ర్యం ప్రస్తావన ఒక్క ఉత్తరంలో ఉంది, అదీ తడిసిన దుప్పటికీ జలుబుకీ మధ్యలో. ఇది చదివాకే నాకు ఆయన మీద ఇష్టం కలిగింది. చిత్రంలోని మనిషి నాకు ఎప్పుడూ నచ్చలేదు.

ఇక వ్యాపారం. దక్షిణాన ఉన్న దీవుల నుంచి బెల్లపు మడ్డి పీపాలు తెప్పించడం, ఇక్కడ దాన్ని సారాగా కాయించి అమ్మడం. లావుపాటి అట్టల పుస్తకాలు, తాళ్ళతో కట్టిన కట్టలు. మడ్డి పీపాల వరసలోనే, అదే సిరాతో, అదే తీరుగా మనుషులు ఉన్నారు. క్వాకో, పడవ పని తెలుసు. డైనా, కుట్టుపని తెలుసు, దగ్గు ఉంది. కొన్న మనుషులు, అమ్మిన మనుషులు. ఇదేమీ రహస్యం కాదు, ఎవరూ దాచలేదు. ఎవరూ చదవలేదు, అంతే.

మా తాత బాపట్ల దగ్గర ఒక ఆసామి ఇంట్లో పాలేరు. ఆయన పుట్టిన తేదీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన పేరు ఎక్కడైనా రాసి ఉందంటే అది ఆ ఆసామి గింజల లెక్కల్లోనే ఉండాలి. ఆ పుస్తకం ఏ చెదల పాలయిందో. అందుకని బెల్లపు మడ్డి పుస్తకాలు తిరగేసేటప్పుడు నాకు చెయ్యి నిదానంగా కదిలేది.

ఈ కాగితాలు మాకిచ్చింది ఎలినార్ క్రాడక్ అనే పెద్దావిడ. ముత్యాల దండ, నిటారు వెన్ను, ఎనభై దాటినా తన కారు తనే నడుపుకునేది. సారా దుకాణం అట్టపెట్టెల్లో ఆ కాగితాలు తెచ్చి దింపించి, "కెప్టెన్‌ని ముందు పెట్టండి. ఆ బెల్లం లెక్కలు వెనక ఎక్కడో పడేయండి, ఎవరికీ పనికిరావు" అంది. కెప్టెన్ కాగితాలన్నిటికీ తన ఖర్చుతో ఫొటోలు తీయించింది. బెల్లానికి ఎవరూ తీయించలేదు.

ఐసు చేసే ఫ్రిజ్

మార్గరెట్ దిగిపోయాక గ్రెగ్ అనే డైరెక్టర్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. చక్కటి టై, చక్కటి పళ్ళు. పాత చేతిరాత చదవడం రాదు, కానీ పుస్తకం పట్టుకుని ఫొటో దిగడం బాగా వచ్చు. మీ ఉద్యోగ జీవితంలో ఇలాంటివాళ్ళు కనీసం ఇద్దరు తగులుతారు; మనసు కష్టపెట్టుకోకండి. వాళ్ళు దాతలతో నవ్వుతూ మాట్లాడతారు కాబట్టే మనకి పెట్టెలు కొనుక్కునే వీలుంటుంది.

గ్రెగ్ దాతల కోసం మేడ మీద చిన్న వంటగది కట్టించి, తనంతట తనే ఐసు చేసుకునే ఫ్రిజ్ పెట్టించాడు. కాగితాల గది నెత్తిన నీళ్ళ గొట్టం వద్దని నేను చెప్పాను. "సుగునా, నువ్వు మరీ చాదస్తం" అన్నాడు. నా పేరు ఆయన నోట్లో ఎప్పుడూ అలాగే పడేది.

మాంద్యం వచ్చి మా చర్చి కుర్రాళ్ళలో సగం మంది ప్రాజెక్టులు లేక బెంచీ మీద కూర్చున్న ఏడాది అది. ఆగస్టులో ఒక సోమవారం ఉదయం తలుపు తీసేసరికి లోపల వాన కురుస్తోంది. శనాదివారాల్లో ఎప్పుడో ఆ ఫ్రిజ్ గొట్టం ఊడిపోయింది. సీలింగు ఉబ్బి, పగిలి, సరిగ్గా క్రాడక్ వారి అరల మీద పడింది. అట్టపెట్టెలు నానిన రొట్టెల్లా ఉన్నాయి.

తడిసిన కాగితానికి ఎండాకాలంలో రెండు రోజులు మించి వ్యవధి ఉండదు. ఆ తర్వాత బూజు మొదలవుతుంది, ఇక దాన్ని ఆపలేం. దానికి ఒకటే మందు, వెంటనే గడ్డకట్టించడం. గడ్డకట్టినంతసేపూ బూజు పెరగదు. తర్వాత తీరిగ్గా, గాలి లాగేసే యంత్రంలో పెట్టి, మంచు మళ్ళీ నీరవకుండానే ఆవిరిగా పోయేట్టు ఆరబెడతారు. దానికి కంపెనీలున్నాయి. మా ఇన్సూరెన్సువాళ్ళు చెప్పిన కంపెనీకి ఫోన్ చేస్తే, వేరే ఊళ్ళో వరదలు, గురువారం దాకా లారీ లేదన్నారు.

గురువారం నాటికి అది కాగితం కాదు, కంపోస్టు.

నేను మెట్ల మీద కూర్చుని ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన అనే అనుకోండి. నా కళ్ళ ముందు కనిపించింది మాత్రం దేవుడు కాదు, జెర్సీ సిటీలో డేవిడ్ రాజు దుకాణం వెనక ఉన్న ఫ్రీజర్ గది.

పీతలేనా అన్నా?

డేవిడ్ రాజు మా చర్చిలో పెద్ద. ఇండియన్ గ్రోసరీ దుకాణం, వెనక మనిషి నిలబడగలిగినంత ఫ్రీజర్ గది. అందులో మేకమాంసం, చేపలు, మునక్కాడలు, పరోటాలు. నోరు పెద్దది, మనసూ పెద్దదే, కానీ ముందు వచ్చేది నోరే.

"ఫ్రీజర్‌లో కాగితాలేంటక్కా? కాగితాలు ఫ్రై చేసుకుంటావా ఏంటి?"

"డేవిడూ, జోకులు తర్వాత. మూడొందల ఏళ్ళ నాటివి, తడిసిపోయాయి. ఇవాళ పెట్టకపోతే పోతాయి."

"అది సరే, హెల్త్ ఇన్‌స్పెక్టర్ వస్తే నా లైసెన్స్ గోవిందా!"

"చర్చి పెద్దవయ్యుండి గోవిందా అంటావేంటి?"

"టెన్షన్‌లో అన్నీ వస్తాయక్కా." ఫోన్లో ఫ్రీజర్ తలుపు తీసిన చప్పుడు. తర్వాత, "మాంసం అంతా ఒక సైడ్‌కి జరిపిస్తా. ప్లాస్టిక్‌లో గట్టిగా ప్యాక్ చేసి తీసుకురా. చుక్క నీళ్ళు కారితే మాత్రం నేను ఒప్పుకోను. సగం గదే ఇస్తా, ఇంకో ఇంచ్ అడగద్దు."

బెంచీ మీద ఉన్న మా చర్చి కుర్రాళ్ళకి ఫోన్ చేస్తే అరడజను మంది వచ్చారు, చర్చి వ్యానుతో సహా. దాని మీద పెద్ద తెలుగు అక్షరాలతో 'యేసు నిన్ను పిలుచుచున్నాడు' అని ఉంటుంది. కట్టకీ కట్టకీ మధ్య మైనం కాగితం పెట్టి, ప్లాస్టిక్‌లో చుట్టి, పాల డబ్బాలు మోసే క్రేట్లలో పేర్చడం మొదలుపెట్టాం. అప్పుడు గ్రెగ్ దిగొచ్చాడు. మొహం పాలిపోయింది, టై మాత్రం సరిగ్గానే ఉంది.

"కెప్టెన్ ఎక్కాడా?" అన్నాడు.

"లేదు. ముందు వ్యాపారం పుస్తకాలు."

"సుగునా, ఆ బెల్లం పుస్తకాలు ఎవడిక్కావాలి? కెప్టెన్ కాగితాలకి ఏమైనా అయితే ఎలినార్ మనల్ని బతకనివ్వదు. ఆవిడ పేరు మీద కొత్త హాలు కట్టబోతున్నాం!"

"ఫ్రీజర్‌లో చోటు సగానికే ఉంది గ్రెగ్. కెప్టెన్‌వి విడి కాగితాలు, కొద్దిగా ఉన్నాయి. బల్లల మీద పరిచి ఫ్యాన్లు పెడితే ఆరతాయి. అన్నిటికీ ఫొటోలున్నాయి. ఇవి లావు పుస్తకాలు, లోపల్నుంచి కుళ్ళుతాయి. వీటికి కాపీ ఈ భూమ్మీద ఎక్కడా లేదు."

"నేను డైరెక్టర్‌ని. కెప్టెన్‌ని వ్యానెక్కించు."

అంతలో ఆయన ఫోన్ మోగింది. ఎలినార్. గ్రెగ్ గొంతు తేనెలా మార్చుకుని పక్కగదిలోకి వెళ్ళాడు. నేను కుర్రాళ్ళ వైపు తిరిగి, "బెల్లం ఎక్కించండి" అన్నాను. వాళ్ళకి జడ్జి ఎవరో కెప్టెన్ ఎవరో తెలియదు. ఆంటీ చెప్పింది, ఎక్కించారు. జడ్జిగారి పంది దావాలు పక్క అరలో ఉండి పెద్దగా తడవలేదు. పందికి అదృష్టం ఎక్కువ.

గ్రెగ్ బయటికొచ్చేసరికి వ్యాను గేటు దాటుతోంది. వెనక అద్దం మీద యేసు నిన్ను పిలుచుచున్నాడు. గ్రెగ్ నన్ను తిట్టలేదు. "దీనికి నువ్వే జవాబు చెప్పుకోవాలి" అన్నాడు మెల్లగా. తిట్టుంటేనే బాగుండేది. నా మొగుడికి అప్పటికి నాలుగు నెలలుగా ఉద్యోగం లేదు, ఇంట్లో ఉన్న జీతం నాదొక్కటే. ఇంటికెళ్ళేదాకా ఆ సంగతి నాకు గుర్తు రాలేదు; వచ్చాక వేరే ఏదీ గుర్తు రాలేదు.

డేవిడ్ రాజు క్రేట్ల మీద 'అమ్మకానికి కాదు' అని అట్టముక్క పెట్టాడు. అయినా ఆ సాయంత్రమే ఒకాయన తలుపు సందులోంచి చూసి, "ఆ ప్లాస్టిక్‌లో ఉన్నవి పీతలేనా అన్నా? బాగా పెద్దవిలాగున్నాయే!" అని అడిగాడట.

ముత్యాల దండావిడ

మర్నాడు ఎలినార్ వచ్చింది. గ్రెగ్ ఆవిడతో, కాగితాలని "ప్రత్యేకమైన శీతల భద్రతా కేంద్రానికి" తరలించామన్నాడు. భాష ఎంత గొప్పదో ఇలాంటప్పుడే తెలుస్తుంది. ఆవిడ వెంటనే చూడాలంది. గ్రెగ్‌కి ఏదో మీటింగు గుర్తొచ్చింది. నేను తీసుకెళ్ళాను.

దుకాణం ముందు కారు ఆపితే బోర్డు చూసి, నన్ను చూసి, దిగింది. కరివేపాకు కట్టల పక్కనుంచి, బియ్యం బస్తాల మధ్య నుంచి, రాణీగారిలా నడిచింది. డేవిడ్ రాజు తన మందపాటి కోటు తెచ్చి, "మేడం, ప్లీజ్, లోపల వెరీ కోల్డ్" అంటూ ఆవిడ భుజాల మీద కప్పాడు. ఆ కోటుకి చేపల వాసన. ముత్యాల దండ దాని లోపలికి పోయింది.

ఫ్రీజర్‌లో ఒక పక్క మేకలు, ఒక పక్క క్రేట్లు. ఆవిడ క్రేట్ల మీది చీటీలు చదివింది.

"కెప్టెన్ ఎక్కడ?"

"లైబ్రరీలోనే ఉన్నారు. బల్ల మీద, ఫ్యాన్ కింద. ఆరుతున్నారు."

"అంటే మా కెప్టెన్‌ని అక్కడ వదిలేసి, వీటిని తెచ్చావా? ఇవి పనికిరానివని నీకు చెప్పాను."

"వీటిల్లో మనుషుల పేర్లున్నాయండీ. ఇంకెక్కడా లేవు."

"తెలుసు," అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ ఊపిరి తెల్లగా పొగలా వస్తోంది.

"నా చిన్నప్పుడే మా నాన్న చూపించాడు. చూపించి, మళ్ళీ తెరవద్దన్నాడు. నేను తెరవలేదు."

"మరి మాకెందుకిచ్చారు?"

"తగలబెట్టే ధైర్యం లేదు. చదివే ధైర్యమూ లేదు. లైబ్రరీలో పడేస్తే వాటంతటవే పోతాయనుకున్నాను. మీరు అన్నీ పోగొడతారు కదా."

నేను ఈ వృత్తిలో విన్న వాటిల్లో ఇంత నిజాయితీ గల మాట ఇంకొకటి లేదు. నవ్వాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. చలికి పళ్ళు టకటకమంటుంటే రెండూ కుదరవు కూడా. బయటికొచ్చాక డేవిడ్ రాజు అల్లం టీ ఇచ్చాడు. ఆవిడ నిలబడే తాగింది. కోటు విప్పి మడతపెట్టి ఆయన చేతికిచ్చి, "థాంక్యూ" అంది. నాకు చెప్పలేదు.

విచారణ

కెప్టెన్ ఉత్తరాలు బాగానే ఆరాయి. బూట్లకీ జున్నుకీ ఏమీ కాలేదు. కానీ ఆయన్ని కెప్టెన్‌గా నియమించిన పత్రం ఒకటుంది, తోలు మీద రాసింది, ఎర్ర లక్క ముద్రతో. అది ఆరుతూ ఆరుతూ ముడుచుకుపోయి నూనెలో వేసిన అప్పడంలా అయింది. ముద్ర ఊడి ముక్కలైంది. అది నిజమైన నష్టం. గ్రెగ్ ఆ అప్పడాన్ని పెట్టెలో పెట్టుకుని ట్రస్టీల మీటింగుకి తీసుకెళ్ళాడు, హత్యకేసులో కత్తి చూపించినట్టు.

నన్ను పిలిచారు. డైరెక్టర్ మాట కాదని చేశానా అంటే, చేశానన్నాను. కారణం చెప్పాను. తలలు ఊగాయి కానీ ఎటు ఊగాయో తెలియలేదు. నా పని అయిపోయిందనుకున్నాను. ఎలినార్ కూడా ట్రస్టీయే, బల్ల చివర కూర్చుని ఉంది. చివరికి అడిగింది.

"ఆ నీళ్ళు ఎక్కడివి?"

గ్రెగ్ గొంతు సవరించుకున్నాడు. "మేడ మీద ఫ్రిజ్ నుంచి, ఎలినార్."

"అక్కడ ఫ్రిజ్‌కి నీళ్ళెందుకు?"

"ఐసు కోసం. మీలాంటి దాతలు వచ్చినప్పుడు..."

"నేను విస్కీలో ఐసు వేసుకోను," అంది ఎలినార్.

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. అలాంటి గదుల్లో న్యాయం ఇలాగే జరుగుతుంది, వాదన వల్ల కాదు, సరైన చోట ఎవరో నవ్వడం వల్ల. నా ఉద్యోగం నిలిచింది. గ్రెగ్ ఆ తర్వాతి ఏడు ఇంకా పెద్ద మ్యూజియానికి, ఇంకా పెద్ద జీతానికి వెళ్ళాడు. అదీ రాసి పెట్టుకోండి.

ఎలినార్ నాకు మేలు చేసిందని, మేమిద్దరం స్నేహితులయ్యామని మీరు అనుకుంటే పొరపాటు. ఆ అప్పడం సంగతి ఆవిడ క్షమించలేదు. క్రిస్మస్‌కి మా సిబ్బందిలో అందరికీ కార్డులు వచ్చేవి, కాపలా మనిషికి కూడా. నాకు రాలేదు. కానీ వ్యాపారం పుస్తకాలు ఆరి వచ్చాక, వాటిని ఎవరడిగినా చూపించవచ్చని సంతకం పెట్టి పంపింది. ఒక మనిషిలో ఈ రెండూ ఎలా ఇముడుతాయని అడగకండి. కాగితాలతో పనిచేసేవాళ్ళకి అది మామూలు విషయం.

పుస్తకాలు కాస్త ఉబ్బి, అంచులు వంకర్లు తిరిగి వచ్చాయి. ఒక్క అక్షరం పోలేదు. ఒక క్రేటు అడుగున మాత్రం 'గోంగూర, ఫ్రోజెన్' అన్న స్టిక్కరు అంటుకుని ఉంది.

చదువుకునే గదిలో

నేను దిగిపోయే ఏడాది ముందు నెవార్క్ నుంచి గ్లోరియా అనే ఆవిడ వచ్చింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. పెద్ద మనిషి, పెద్ద గొంతు, ఎర్ర ఫ్రేము కళ్ళజోడు. వాళ్ళమ్మ వైపు వాళ్ళని వెతుక్కుంటూ, జనాభా లెక్కలూ చర్చి పుస్తకాలూ దాటుకుంటూ క్రాడక్ వారి దాకా వచ్చింది. జూడిత్ అనే మనిషి కావాలంది. ఆ పేరు నేనెప్పుడూ గమనించలేదు.

వ్యాపారం పుస్తకాలు తెచ్చి ముందు పెట్టాను. మీరు ఈ పనిలో చేరితే ఈ ఘడియ తప్పకుండా వస్తుంది. ఒక మనిషికి, వాళ్ళ పూర్వీకురాలికి కట్టిన ధర ఉన్న పుట మీ చేత్తో అందించాలి. ఏం చెప్పాలి? ఏమీ చెప్పకండి. మొహంలోకి చూస్తూ నిలబడకండి. గదిలోంచి వెళ్ళిపోకండి. రాత అర్థం కాకపోతే పిలుస్తారు, పిలిస్తే వినబడేంత దూరంలో ఏదైనా పని కల్పించుకోండి. నేను పెన్సిళ్ళు చెక్కాను. ఆ మధ్యాహ్నం చెక్కినన్ని పెన్సిళ్ళు నా జన్మలో చెక్కలేదు.

జూడిత్ దొరికింది. ధర ఉంది. గ్లోరియా కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. నేను తల ఎత్తలేదు. పుటలు తిరుగుతున్నాయి. చాలాసేపటికి నన్ను పిలిచింది.

"ఇది చదివి పెట్టు. ఈ రాత నాకు అర్థం కావట్లేదు."

వెళ్ళి చదివాను. వర్తకుడు క్రాడక్ తన తమ్ముడికి రాసుకున్న ఉత్తరం నకలు అది. జూడిత్ చెప్పిన మాట వినదు. ఎదురు చెబుతుంది. సారా గది తాళంచెవి దాచేసి, తనకి తెలియదని అందరి ముందూ నవ్వింది. దీన్ని ఎవరైనా కొంటే బాగుండును, కానీ దీని నోటి సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు కనుక ఎవరూ ముందుకు రావడం లేదు. ఇంత పొగరుబోతు మనిషిని ఎరగను.

గ్లోరియా వేలు ఆ చివరి మాట కింద గీసిన గీత దగ్గర ఆగింది.

"పొగరుబోతు. ఈ గీత ఆయనే గీశాడా?"

"ఆయనే. రెండుసార్లు గీశాడు. కాగితం చిరిగింది చూడండి."

గ్లోరియా కాసేపు ఆ చిరుగు వైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత భుజాలు అదిరేలా, ఆ తర్వాత గది మొత్తం తలలెత్తి చూసేలా నవ్వింది. కళ్ళజోడు మళ్ళీ తీయాల్సి వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, "మా అమ్మ! అచ్చం మా అమ్మ! మా అక్క, మా అక్క కూతురు... ఓరి దేవుడా, వీడికి ఎంత మండిందో!" అంది.

చదువుకునే గదిలో మాట్లాడరాదు, నవ్వరాదు అని గోడ మీద బోర్డుంది. దాన్ని అమలు చేయడం నా పని. నేను ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆ పుట కాపీ కావాలంది. మామూలు సైజా అని అడిగాను.

"మీ మెషీన్‌లో ఎంత పెద్దదొస్తే అంత. వంటగదిలో ఫ్రేము కట్టించి పెడతా."